ముందు ఇటుకలు, తరువాత ప్రార్థన

నేను ఒక తలుపు రెక్కను. నా జంట రెక్కను చంపింది మా సంఘమే. ఇది అనుమానం కాదు, నింద కాదు. జరిగింది ఇదే.

మేమిద్దరం ఒకే టేకు మాను. వీరాచారి అనే వడ్రంగి మమ్మల్ని ఒక దుంగలోంచి కోసి, పక్కపక్కన పెట్టి నునుపు చేసి, పేటలోని క్రైస్తవుల గుడికి బిగించాడు. ఆమె ఎడమ, నేను కుడి. గడియ ఆమెది, అది పడే రింగు నాది. మూసుకున్నామంటే మా మధ్య వెలుతురు గీత కూడా దూరేది కాదు. జంట కుదిరిందో లేదో తెలియడానికి మనుషులకు ఏళ్లు పడుతుంది. మాకు మొదటి రోజే తెలిసింది.

ఆ గుడి మెరక మీద ఉండేది. దాన్ని కట్టడానికి ముందు పేటవాళ్లు ఒక వానాకాలమంతా ఆ చోట మోకరించారని, గుమ్మంలో కూర్చుని ముసలివాళ్లు చెప్పుకుంటే విన్నాను. అది వాళ్ల ఆచారం. దేవుడి పనికి చోటు అడగాలంటే వాన వెలిసిన సాయంత్రం అక్కడికి వెళ్లాలి. చాప వేసుకోకూడదు. ఉత్త నేల మీద మోకాళ్లూని అడగాలి. లేచాక మోకాళ్లు చూసుకోవాలి. బురద అంటితే మరో చోటికి పోవాలి. ఆ జవాబు దేవుడు చెప్పాడో నేల చెప్పిందో నాకు తెలియదు. ఎవరు చెప్పినా విన్నారు. అందుకే ఆ గుడిలో ఉన్నన్నాళ్లూ మేము ఒక్కసారి కూడా పట్టేయలేదు.

ఎలీషా సంఘ పెద్ద అయ్యేసరికి జనం పెరిగారు, గుడి చాలలేదు. అది నిజమే, కాదనను. అయితే కొత్త గుడి బస్సు రోడ్డు పక్కనే ఉండాలని ఆయన పట్టు. బస్సులో పోయేవాళ్లకు సిలువ కనబడాలట. రోడ్డు పక్కన ఉన్నది పల్లం, నిన్నటిదాకా వరి పండిన నల్ల నేల. ఎండాకాలంలో అక్కడ ఇటుకలు దింపించాడు. మమ్మల్ని పాత గుడి నుంచి ఊడదీయించి ఆ ఇటుకల కుప్పకే ఆనించాడు. అదంతా అయ్యాక షామియానా వేసి, తివాచీ పరిచి, సంఘాన్ని ప్రార్థనకు పిలిచాడు.

"ప్రభువా, నీ గుడికి నీకిష్టమైన చోటు నువ్వే చూపించు" అని గొంతెత్తి అడిగాడు. అడుగుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఇటుకల మీదే ఉంది.

తబితమ్మ లేచింది. గుడి ఊడ్చే మనిషి, ఎలీషాకు మేనత్త.

"ఒరే ఎలీషా, అడిగేవాడివి ఇటుకలు దించకముందు అడగాల గదరా."

"అత్తా, దేవుడికి ఇష్టం లేకపోతే ట్రాక్టరు దిగబడేది. దిగబడిందా?"

"ఎండల్లో ఎట్టా దిగబడుద్దిరా? వానలు పడనీ. మనోళ్లు అడిగినట్టే మోకాళ్ల మీద అడుగుదాం."

"నువ్వు మోకాళ్ల మీద కూర్చుంటే లేపడానికి ఇంకో ట్రాక్టరు తేవాల అత్తా!"

అందరూ నవ్వారు. మెత్తటి తివాచీ మీద కూర్చుని నవ్వారు. ఆ నవ్వులోనే ఆమెన్ కూడా అయిపోయింది.

ఆ ఎండల్లోనే గుడి లేపి మమ్మల్ని దానికి బిగించారు. మొదటి వానలకే ఎడమ గోడ కుంగింది. ద్వారబంధం నా జంట మీదికి ఒరిగింది. ఆమె పట్టేసింది. గోడ కుంగిందంటే చోటు తప్పని ఒప్పుకోవాలి. అందుకని ఎలీషా, తలుపు నీళ్లు తాగి ఉబ్బిందన్నాడు. నూనె తెప్పించి, ఆమెకు రాసి, చుట్టూ నిలబడి ప్రార్థన చేయించాడు. నేలను అడగవలసిన రోజున అడగనివాళ్లు, తలుపుకు స్వస్థత అడిగారు.

నూనెకు లొంగకపోతే వీరాచారిని పిలిపించారు. చేసిన చేతులతోనే ఆమె అంచుకు చిత్రిక పట్టాడు. పొట్టు నా కాళ్ల దగ్గర రాలింది. తబితమ్మ చీపురు తెచ్చింది.

"తలుపు చెక్కుతున్నావు సరే ఆచారీ, కుంగే గోడనేం జేస్తావు?"

"నాకు జెప్పింది తలుపేనమ్మా" అన్నాడు.

అతనికి తెలుసు. తెలిసీ చెక్కాడు. అతన్నీ వదలను.

ప్రతి వానాకాలం గోడ ఇంకొంచెం కుంగింది, ఆమెను ఇంకొంచెం చెక్కారు. పైన, కింద, పక్కన. నన్ను ముట్టుకోలేదు. నా వైపు నేల గట్టిది. అది నా అదృష్టమని ఎవరైనా అంటే, వాళ్లు ఒంటరిగా ఎన్నడూ బతకలేదని అర్థం.

చివరికి బందుల మరలకు పట్టుకోవడానికి చెక్క మిగల్లేదు. అది కోతపండుగ ఉదయం. జనం గుమ్మడికాయలు, వరికంకులు, కోళ్లు పట్టుకుని బయట నిలబడ్డారు. ఆమె కిందికి జారి గడపకు పట్టేసింది, తలుపు తెరుచుకోలేదు. లోపల పాస్టరు గారు, బయట సంఘం.

"భుజాలు పెట్టి తొయ్యండ్రా!" అన్నాడు ఎలీషా.

"ఆగండ్రా, అది చెక్క, గేదె కాదు" అని తబితమ్మ అరిచింది. ఎవరూ వినలేదు. తోశారు. ఆమె నిలువునా చీలి, బందులు ఊడి, పడిపోయింది. నా రింగులో ఆమె గడియ ముక్క మాత్రం మిగిలింది.

ఎలీషా ఆమెను దాటి లోపలికి వెళుతూ, "అంతా దేవుని చిత్తం" అన్నాడు.

దేవుడు చేశాడట. వీళ్లు అడగని దేవుడు, వీళ్లు చెప్పనివ్వని దేవుడు. ఆ మధ్యాహ్నం ప్రేమవిందుకు పొయ్యి చాలా బాగా మండిందని ఆడవాళ్లు మెచ్చుకున్నారు. టేకు కదా.

కొద్ది రోజులకే నాకు రెండో పెళ్లి చేశారు. టౌనులో కొన్న అట్టలాంటి రెక్క. ఇద్దరికీ ఒకే రంగు పూశారు. నేను దానితో మూసుకోలేదు. గడియను నా రింగులో పడనివ్వలేదు. వీరాచారి నామీద చిత్రిక పెడితే కణుపు దగ్గర దాని పదును విరిచాను.

"మొండిది" అన్నాడు.

సరైన మాట. నన్ను ఊడదీసి పాస్టరు ఇంటి వరండాలో ఆనించారు.

ఆ తరువాత ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. సండే స్కూలుకు గది కట్టాలి, పనికి ముందు ఎలా ప్రార్థన చేయాలో పెద్దలు నేర్పండి అని వరండాలో అందర్నీ కూర్చోబెట్టాడు. ఎలీషా నాకు వీపు ఆనించి చెప్పాడు:

"మా రోజుల్లో ప్రార్థన లేకుండా ఒక్క ఇటుక కూడా పెట్టలా అయ్యగారూ."

"అవునయ్యగారూ" అంది తబితమ్మ. "ఇటుకలు గూడా ఆమెన్ అన్నయ్. మాకంటే ముందొచ్చి కూసున్నయ్ గదా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరు ఎలీషా వైపు చూశాడు. ఎలీషా తల దించుకున్నాడు. కట్టడం వాన వెలిసేదాకా ఆపారు. ఉత్త నేల మీద మోకరించారు. బురద అంటిన చోటు వదిలేశారు. ఎలీషా కూడా మోకరించాడు. ఆ గది నిలబడింది. నిలబడనీ.

గదికి తలుపుగా నన్ను పెడదామని ఎలీషాయే వచ్చాడు. నామీద చెయ్యి వేసి, "పాత గుడి గుర్తు, పిల్లలకు ఉంటుంది" అన్నాడు. ఆ చేతిలోకి ఒక పేడు దించాను. రక్తం వచ్చింది. క్షమించడం గురించి ఆ గుడిలో చాలా ప్రసంగాలు విన్నాను. అవి మనుషులకు చెప్పినవి. నేను చెక్కను.

నన్ను పొయ్యిలో పెట్టుకోండి. ఏ గుమ్మానికీ బిగించవద్దు. ఆమెకు జరిగింది చెప్పాను. ఇక పాస్టరు అడిగినా, పైవాడు అడిగినా, క్షమించానన్న మాట మాత్రం నా దగ్గర దొరకదు.