పెదవులకి కలిపిన మాట

పొద్దున్నే ఆ వీధిలో అందరూ ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు. అందరిదీ డబ్బింగ్ పనే, గొంతే కూడు పెడుతుంది. అయితే మనసు పెట్టి చెప్పిన మాట సినిమాలోనే ఉండిపోతుంది, మళ్లీ ఇంటికి రాదు. విలన్లకి గొంతిచ్చే పక్కింటాయన పిల్లల్ని ఒక్క తిట్టు తిట్టలేడు. ఎదురింటావిడ సినిమాల్లో ఏడ్చి ఏడ్చి, కన్నతల్లి పోయిన రోజు ఏడుపు రాక గుడ్లప్పగించి కూర్చుంది. ఇందులో వింతేముంది, దర్జీ వేలికి సూది గుచ్చుకోదా అంటారు వాళ్లు.

అదే వీధిలో హీరోలకి గొంతిచ్చే ఒకాయన్ని అందరూ గొంతాయన అనేవాళ్లు. ఆయన పోగొట్టుకున్నది ఒకే ఒక్క వాక్యం. "నువ్వు లేని ఇల్లు నాకు ఇల్లే కాదు." అరవై దాటిన పెద్ద హీరో కాలేజీ కుర్రాడిగా వేసిన ప్రేమకథలో, ఆ హీరోకి గొంతిస్తూ చెప్పాడది. నవ్వుల సినిమా అన్నారు గానీ హాల్లో ఒక్కరు నవ్వితే ఒట్టు. హీరోయిన్ వెంట హీరో పరిగెడితే విగ్గు వెనకబడేది. చూస్తే జాలేసేది పాపం. పాతబడ్డాక దానికీ క్లాసిక్ అని పేరొచ్చింది, అదృష్టం!

ఆ వాక్యం రికార్డు చేసిన రోజు, అప్పటికింకా కొత్త పెళ్లికూతురైన గొంతాయన భార్య రికార్డింగు గది అద్దానికి ఇవతల, సౌండు ఇంజినీరు పక్కన కూర్చుంది. ఆయన అద్దంకేసే చూస్తూ చెప్పాడు. ఒక్క టేకులో ఓకే. ఆ మాట తనకే చెప్పాడని ఆవిడ నమ్మింది. ఆ నమ్మకం మీదే కాపురం నడిచింది. ఇంట్లో ఆయన ఉలుకూ పలుకూ లేని మనిషి. తింటాడు, పేపరు చదువుతాడు, పడుకుంటాడు. మాట సినిమాలో ఇరుక్కుపోయింది కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడులే అని ఆవిడ సరిపెట్టుకునేది. ఆ బొమ్మ ఎక్కడాడినా వెళ్లి, ఆ వాక్యం విని వచ్చేది.

ఏళ్లు గడిచేసరికి ఆ ఓపిక కూడా చచ్చిపోయింది. అక్క దగ్గరికి వెళ్లిపోదామని పెట్టె సర్దుకుంది. పోయేముందు ఆఖరిసారి, మళ్లీ విడుదలైన ఆ బొమ్మకి మ్యాట్నీకి వెళ్లింది. తెరమీద వేరే గొంతు వణుకుతోంది. ఈసారైనా తన గొంతే ఉండాలని, పండుముసలైన హీరో పట్టుబట్టి మాటలన్నీ మళ్లీ చెప్పాడట.

అంటే సినిమాలో ఆ మాటకి ఇక చోటు లేదు. ఇంటికి వచ్చేసుంటుంది! ఆవిడ సగంలోనే లేచి ఇంటికి పరిగెత్తింది.

ఆయన కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, ఆ మాట ఒక్కసారి చెప్పండి. చెబితే పెట్టె విప్పేస్తాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వు లేని ఇల్లు..." అని ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, "నాకు ఇల్లే కాదు" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకోబోయి ఆగింది. "మధ్యలో ఆ ఆయాసం ఎందుకండీ?"

"అక్కడ హీరోకి ఊపిరాడలేదు కదా. పెదవులకి కలపాలిగా."

"ఆ రోజు అద్దంలోంచి నన్నే చూస్తున్నారనుకున్నాను."

అబద్ధమాడటం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. "అద్దంలో తెర బాగా కనబడేది. నువ్వొచ్చావా ఆ రోజు?"

ఆవిడ పెట్టె తీసుకుని మెట్లు దిగింది. అప్పటిగ్గానీ ఆయనకి భయం వెయ్యలేదు. చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి, అదే మాట మళ్లీ అన్నాడు. మధ్యలో ఊపిరి అందలేదు. ఈసారి ఆయాసం ఆయన సొంతం. వీధిలోవాళ్లంతా విన్నారు. ఆవిడ అప్పటికే మలుపు తిరిగిపోయింది.