మళ్లీ ఆడు

"ఇంత వయసొచ్చి ఫోన్లో ఆ బొమ్మలాటేంటి?" అన్నాడు శివరామరాజు, చెయ్యి కడుక్కుంటూ. తిన్న కంచం అక్కడే ఉంది. సూర్యావతి ఫోను పక్కన పెట్టి కంచం తీసింది.

ఆట కూతురు శ్రీసత్య వేసిచ్చింది. కాలవలు తవ్వి ఊరికి నీళ్లివ్వాలి. ఒక్క మలుపు తప్పితే చేలు మునుగుతాయి. మొదట్లో రోజూ ముంచింది. ముంచినా ఆట తిట్టలేదు, 'మళ్లీ ఆడు' అంది. ఈ ఇంట్లో ఆ మాట ఆమెతో ఎవరన్నారు గనక? కొత్తకోడలిగా పీతల పులుసులో ఉప్పెక్కువేసింది. కూతురు ఇంటర్‌కొచ్చినా అత్తగారు ఆ కథ చుట్టాలకి వడ్డిస్తూనే ఉన్నారు. మొగుడు వరసగా రెండు పంటల రొయ్యలు పోగొట్టాడు. దాని పేరు అనుభవం! తప్పుకి భయపడే మనిషి ఏం నేర్చుకుంటుంది, తొక్కిన దారే తొక్కుతుంది. ఆటలోనే తెలిసింది ఆమెకి: అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్కటి మార్చాలి, ఆగాలి, చూడాలి.

ఈసారీ ఇంటి వెనక చెరువులో రొయ్యలు చచ్చి గట్టు వారకి కొట్టుకొస్తున్నాయి. రాజు మేత మార్చాడు, మందు మార్చాడు, నీళ్లు మార్చాడు, అన్నీ ఒక్కరోజే. మేడ మీద బట్టలారేస్తూ సూర్యావతి చూసింది. నీళ్లు చిలికే ఏరేటర్లు ఒకదానికొకటి ఎదురు తోసుకుంటున్నాయి. తెట్టంతా ఒక మూలకే చేరి కుళ్లుతోంది.

"మందులాపి, ఆ మూల ఏరేటర్ ఒక్కటి తిప్పించి చూడండి."

"నీ ఫోను చెప్పిందా?" నవ్వాడు రాజు.

"చెరువు మాటలు మనకెందుకమ్మాయ్? గట్టు మీద ఆడకాలు పడితే అచ్చిరాదు," అన్నారు అత్తగారు. ఆ చెరువు మనుషులందరికీ రోజూ వండి పంపే చెయ్యి మాత్రం అచ్చొచ్చింది.

రాజు ఇంకో మందు కోసం భీమవరం వెళ్లాడు. సూర్యావతి పొయ్యి కట్టేసి గట్టెక్కింది. కాపలా వెంకన్న కంగారుగా లేచాడు.

"కరెంటాపి ఆ ఏరేటర్ ఇటు తిప్పు వెంకన్నా."

"రాజుగారు చంపేత్తారండి!"

"తప్పైతే నాదని చెప్పు."

తిప్పి, మళ్లీ కరెంటేశాడు. తెట్టు కదిలింది, పోయి ఎదుటి మూలన కూర్చుంది. వెంకన్న బిక్కమొహం వేశాడు. ఆమెకి నవ్వొచ్చింది. తప్పు చేసి కూడా భయపడకుండా నిలబడటం ఈ ఇంటికొచ్చాక అదే మొదలు.

"మళ్లీ తిప్పు. ఇంకాస్త ఏటవాలుగా."

పొద్దు వాలేసరికి నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. తెట్టంతా చెరువు నడుమకి చేరింది. తిరిగొచ్చిన రాజు గట్టు మీదే ఆగిపోయాడు.

"బాగా తిప్పావు వెంకన్నా!"

"నేను కాదండి, అమ్మగారు తిప్పించారండి."

"ఏదో గాలివాటంగా కుదిరిందిలే," అన్నాడు. మర్నాడు నడుమకి పైపేసి కుళ్లంతా తోడించేశాడు. రెండ్రోజులకి వారకి కొట్టుకొచ్చే రొయ్యలు తగ్గాయి. ఊళ్లో అందరికీ తన కిటుకేనని చెప్పుకున్నాడు.

అలా చెప్పుకొచ్చిన ఓ మధ్యాహ్నం సూర్యావతి అందరూ తినేదాకా ఆగలేదు. తన కంచం తెచ్చుకుని రాజుకి ఎదురుగా కూర్చుంది.

"పులుసులో ఉప్పు చాల్లేదు," అన్నాడు రాజు. పాత కథ ఎత్తుకోబోయి అత్తగారు నోరు తెరిచారు.

సూర్యావతి లేవలేదు. ఉప్పు డబ్బా మొగుడి ముందుకి జరిపింది.

"వేసుకు చూడండి. కుదరకపోతే భయం లేదండి, రేపు మీరే మళ్లీ వండి చూద్దురుగాని."