ఓబేదు గారి చెవికి చేరిన గొంతులు

నేను ఒక హెడ్‌సెట్‌ని. చెవులకు రెండు మెత్తటి దిళ్ళు, నోటి దగ్గరికి వంగిన చిన్న మైకు, నల్లటి తీగ. నన్ను బిగించిన చేతులెవరివో చూసేలోపే అట్టపెట్టెలో పెట్టేశారు. మొదట విజయవాడలో ఒక కాల్ సెంటర్లో పనిచేశాను. రోజంతా తిట్లు వినడమే అక్కడ నా ఉద్యోగం. అది మూతపడ్డాక, నన్ను పెట్టుకున్న అమ్మాయి ఒంగోలులో ఉన్న తన పిన్ని జెమీమాకు ఇచ్చేసింది.

జెమీమా నర్సు. ఆన్‌లైన్‌లో క్రైస్తవ వేదాంతం ఎం.ఏ. చదివేది. వారానికి రెండు సాయంత్రాలు క్లాసు, తెరమీద ఎనిమిదిమంది విద్యార్థులు. పాఠం చెప్పే సుందరశీలి గారు మొదటి పది నిమిషాలు పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. "ముందు ఈ వారం ఎలా గడిచిందో చెప్పండమ్మా" అనేవారు. అందరూ వరసగా "దేవుని కృపవల్ల బాగున్నామండీ" అని వెంటనే మైకు ఆపేసుకునేవారు. ఆపాక జెమీమా నిట్టూర్చేది. అది నాకొక్కదానికే వినబడేది. మిగతావాళ్ళ నిట్టూర్పులు వాళ్ళ హెడ్‌సెట్లకు తెలిసే ఉంటాయి.

ఆ ఎనిమిదిమందిలో గొంతంటే పాస్టరు ఓబేదు గారిదే. ఆయన ప్రార్థన చేస్తుంటే నా దిళ్ళు అదిరేవి. ఆ గొంతు బొంగురుపోతూ వచ్చింది. జలుబనుకున్నారు. తర్వాత ఆయన రావడమే మానేశారు. రెండు నెలలు గడిచాయి.

ఒకరోజు, విశ్వాసులందరూ ఒకే కుటుంబమన్న విషయంమీద గంటసేపు చక్కగా వాదించుకున్నారు. చివర్లో సుందరశీలి గారు అడిగారు: "ఓబేదు గారిది ఏ ఊరో ఎవరికైనా తెలుసా? ఫోన్ ఎత్తడం లేదు."

ఒక్కరికీ తెలియదు. ఏడాదిన్నరగా కలిసి చదువుతున్నారు.

కాలేజీలో ఆయన ఇచ్చిన దరఖాస్తు వెతికితే గిద్దలూరు దగ్గర పల్లె అని తేలింది. శనివారం సెలవు పెట్టి, నన్ను సంచిలో వేసుకుని జెమీమా బస్సెక్కింది.

తలుపు తీసిన ఆయన భార్య రూతమ్మ "ఎవురమ్మా నువ్వు?" అంది.

"అన్నతో కలిసి చదువుకుంటున్నా వదినా. జెమీమాని."

రూతమ్మ ఏడ్చేసింది. ఆయన గొంతులో గడ్డ లేచిందట. ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు. ఇక మాట రాదు. ఓబేదు గారు మెడకు తువ్వాలు చుట్టుకుని మంచంమీద కూర్చుని ఉన్నారు. నోటుపుస్తకంలో రాసి చూపించారు: 'నోరు లేని పాస్టరుకు ఈ చదువెందుకమ్మా? మానేస్తున్నానని కాలేజీకి కాగితం రాసిపెట్టాను.'

జెమీమా ఓదార్చలేదు. చేతులు కడుక్కుని, తువ్వాలు విప్పి, ఊపిరి తీసుకోడానికి మెడలో చేసిన రంధ్రం చుట్టూ శుభ్రం చేసింది. ఎలా చెయ్యాలో రూతమ్మకు చూపించింది. అప్పుడు పక్కన కూర్చుని అంది: "వారం వారం బాగున్నానని చెప్పానే అన్నా, అబద్ధం. మా ఆయన పోయి మూడేళ్ళు. క్లాసులో ఒక్కరికి కూడా చెప్పలా."

తర్వాత ఫోన్లో క్లాసువాళ్ళందరినీ కలిపి, ఆయన సంగతీ తన సంగతీ చెప్పి, నన్ను ఆయన చెవులకు పెట్టింది. నేనప్పటిదాకా వినని మాటలు విన్నాను. కొడుకు ఇంటికి రావడం లేదని ఒకాయన చెప్పాడు. ప్రార్థన చెయ్యబుద్ధి కావడం లేదని ఇంకొకామె అంది. "మీరు లేకపోతే క్లాసు చప్పగా ఉందన్నా" అన్నది మరో గొంతు. ఓబేదు గారి కన్నీళ్ళు నా దిళ్ళను తడిపేశాయి. ఆయన పుస్తకం అందుకుని రాశారు: 'రూతూ, ఆ కాగితం చించెయ్.'

జెమీమా నన్ను అక్కడే వదిలింది. ఆ రోజునుంచి ఆయన చెప్పదలచింది టైపు చేస్తే ఆమె క్లాసులో చదివి వినిపించేది. ఎవరైనా ప్రార్థన ముగిస్తే ఆయన వేలితో నా మైకుమీద రెండుసార్లు తట్టేవారు. అదే ఆయన ఆమెన్. దానికోసం అందరూ ఒక క్షణం ఆగేవారు. పది నిమిషాలు కాస్తా అరగంట అయింది. పాఠాలు వెనకబడుతున్నాయని సుందరశీలి గారు విసుక్కునేవారు, కానీ ఆపేవారు కాదు.

పట్టాలిచ్చే రోజు గుంటూరులో ఎనిమిదిమందీ మొదటిసారి ఒకచోట కలిశారు. తెరమీద అందరిదీ ఒకే ఎత్తు కదా, "మీరింత పొడుగా!" అని తెగ నవ్వుకున్నారు. ఓబేదు గారు రాస్తుంటే ఆయన భుజాలమీదుగా వంగి, వాక్యం పూర్తికాకముందే జవాబులు చెప్పేశారు.

రూతమ్మ అలవాటుకొద్దీ నన్నూ సంచిలో సర్ది తెచ్చింది. సాయంత్రందాకా ఆ సంచిలోనే ఉన్నాను. నన్ను బయటికి తీయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.