సాక్షి చుక్క

అయిదు దాటితే ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఈలోగా గైడు మేష్టారి సంతకంతో థీసిస్ ఫారం అందకపోతే ఆమె డాక్టరేటు ఏడాది వెనక్కి పోతుంది, ఒకటో తారీఖున చేరాల్సిన ఉద్యోగమూ గోవిందా. సరిగ్గా అప్పుడే బావకి నోరు విప్పాలనిపించింది. మనుషులకి బుద్ధులన్నీ ఇలాంటప్పుడే పుడతాయి.

బావంటే అక్క మొగుడు, ఆమె పరిశోధన చేసే అబ్జర్వేటరీలోనే టెలిస్కోపు మెకానిక్కు. జిడ్డు చేతుల్లో పాత నోటుబుక్కుతో వచ్చి టేబుల్ అంచున కూర్చున్నాడు.

"మరదలా, మీరు కొలతకి పెట్టుకున్న చుక్కతోనే నేను ఫోకస్ సరిచూస్తాను. ఒక్కోసారి పది సెకన్లకే కెమెరాలో నిండుగా కనిపిస్తుంది, ఒక్కోసారి పదమూడు పడుతుంది. మబ్బనుకున్నా. మబ్బులేనప్పుడూ అంతే. ఇదిగో, అన్నీ ఇందులో రాసిపెట్టా."

ఆమె పరిశోధనంతా ఆ చుక్క మీదే నిలబడింది. గెలాక్సీ నడిమధ్య కృష్ణబిలం దగ్గర వెలుగు పెరిగితే, కొన్నాళ్లకి చుట్టూ ఉన్న వాయువూ వెలుగుతుంది. ఆ ఆలస్యాన్నీ, వాయువు వేగాన్నీ బట్టే బిలం బరువు. వెలుగు పెరిగిందో లేదో చూసేది పక్కనున్న మారని చుక్కతో పోల్చి. ఆ చుక్కే మారుతోందంటే తూకంరాయే అరిగిపోతున్నట్టు.

ఆమె వేరే రెండు చుక్కలతో లెక్క మళ్లీ వేసింది. ఇరవై రెండు రోజుల ఆలస్యం కాస్తా మాయమైంది. నాలుగేళ్ల చాకిరీతో తేల్చిన ఎనిమిది కోట్ల సూర్యుళ్ల బరువు గాలికి పోయింది.

"సంతకమయ్యాక చెప్పొచ్చుగా," అన్నాడు బావ గొంతు తగ్గించి. "మీ అక్కకి కూడా చెప్పను, ఒట్టు."

ఆమెకి ఆశ పుట్టిన మాట నిజం. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. నోటుబుక్కు లాక్కుని లేచింది.

నాలుగూ నలభైకి మేష్టారు ఫారం ముందేసుకుని, పెన్ను మూత తీసి కూర్చున్నారు. ఆమె అంతా చెప్పేసింది. ఆయన నోటుబుక్కు పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. గడియారం వైపు చూడకుండా ఉండటం ఆమెకి చాలా కష్టమైంది.

"ఈ చుక్కని ఏరింది నేనేనమ్మా, పద్దెనిమిదేళ్ల కింద. ఆకాశంలో ఆ మూలనున్న ఆరు గెలాక్సీల బిలాల్ని దీంతోనే తూచాను."

"ఫారం వెనక్కి తీసుకుంటానండి."

ఆయన అరలోంచి తన పుస్తకం తీసి, బరువుల పట్టిక దగ్గర తెరిచి, ఎర్ర పెన్నుతో సహా ఆమె ముందుకి జరిపారు.

"నీదొక్కటే కొట్టేస్తే సరిపోదు. ఇవిగో నా ఆరూ. నువ్వే కొట్టెయ్యమ్మా, నాకు చెయ్యి ఆడట్లేదు."

కింద ఆఫీసు కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. ఆమె మొదటి అంకె మీద గీత గీసింది.