మైకు పట్టిన గౌరి టీచరు

గజపతినగరం మెయిన్ రోడ్డు మీద ఐదో తరగతి పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఇస్త్రీ యూనిఫాం, నూనె రాసిన తల, తిన్నగా తీసిన పాపిడి. ఎవరో పంచిన నీళ్ళ ప్యాకెట్ల మూలలు పళ్ళతో కొరుకుతున్నారు. ఇలాంటి మానవహారాలు మీరూ చూసే ఉంటారు. బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "అబ్బ, ఎంత క్రమశిక్షణో" అని మెచ్చుకునే ఉంటారు. ఫోటో తీసి స్టేటస్ పెట్టినవాళ్ళు కూడా మనలో ఉన్నారు.

అది 2018 ఫిబ్రవరి. రాష్ట్రానికి ప్రత్యేక హోదా ఇవ్వాలని ఊరూరా ర్యాలీలు జరుగుతున్న రోజులు. ఆటో మీద నిలబడి మైకు పట్టుకున్న అమ్మాయి ఆ పిల్లల క్లాస్ టీచరు గౌరి.

"ఏం కావాలి?"

"హోదా కావాలి!"

"ఎప్పుడు కావాలి?"

"ఇప్పుడే కావాలి!"

ఆటో పక్కన నడుస్తున్న వినోద్ ఆమెకి మేనత్త కొడుకు. ఆ చుట్టుపక్కల ఏ ర్యాలీ అయినా మైకులు, జెండాలు, జనం అతని ఏర్పాటే.

"ఒసే గౌరీ, నీ గొంతుకి మైకెందుకే? కరెంటు దండగ. బొబ్బిలి దాకా ఇనపడతన్నాది!"

"నువ్వు ఆటో సరిగ్గా నడిపించు బావా. పడ్డానంటే రేపు నువ్వే అరుసుకోవాలి."

గౌరి నవ్వింది. ర్యాలీ అంటే ఆమెకి ప్రాణం. డబ్బుకి వచ్చేది కాదు, పదవికి వచ్చేది అసలే కాదు. తను ఒక మాట ఎత్తితే వందల గొంతులు అందుకోవడం ఉంది చూశారూ, ఆ ఊపు కోసం వచ్చేది. ఆ ఊపు ఆమెకి తాతనుంచి వచ్చింది. వాళ్ళది పూసపాటిరేగ దాటాక వచ్చే సముద్రపు ఊరు. పెద్దవల ఒడ్డుకి లాగేటప్పుడు తాత దాలయ్య పాట ఎత్తేవాడు, తాడు పట్టినవాళ్ళంతా అందుకునేవారు. మధ్యలో ఒక్కడు ఆగి "ఎందుకు" అన్నా పట్టు జారిపోతుంది, దాంతోపాటు ఆ రోజు కూర కూడా. ఆరేళ్ళ గౌరి తాత పక్కన నిలబడి, తాడు పట్టుకునే బలం లేక, గొంతుతోనే వల లాగేది.

క్లాసులో పాఠం కూడా అలాగే లాగేది. "భూమి దేని చుట్టూ తిరుగుతుంది?" అంటే నలభై గొంతులు "సూర్యుని చుట్టూ!" అని పైకప్పు ఎగరగొట్టేవి. స్కూలు కరస్పాండెంటు హరిబాబు ఆ చప్పుడు వరండాలోంచి విని తల్లిదండ్రులకి గర్వంగా చెప్పేవాడు: "విన్నారా? అదీ మన కోచింగ్!"

ర్యాలీల తర్వాత గౌరి ప్రాణం పెట్టుకున్నది ఇంకొకటే. మాల్దీవులు వెళ్ళి పిల్లలకి పాఠాలు చెప్పాలి. హనీమూన్‌కి వెళ్ళే చోటికి ఉద్యోగానికి వెళ్తావా అని స్నేహితురాళ్ళు ఏడిపించేవారు. గౌరి అద్దెకుండే ఇంటి యజమాని పద్మకుమారి మేడం అక్కడ పదకొండేళ్ళు పనిచేసి రిటైరై వచ్చింది. బడి గేటు దాటితే సముద్రమేనట. పక్క దీవి పిల్లలు పొద్దున్నే పడవలో వచ్చి దిగుతారట. ఆ మాట విన్న రోజు గౌరికి అన్నం దిగలేదు. తన ఊళ్ళో సముద్రం నాన్నల్ని తీసుకుపోతుంది. చేపలు తగ్గాక మగాళ్ళంతా గుజరాత్ బోట్ల మీద పనికి పోయి నెలల తరబడి రారు. ఆమె నాన్న కూడా అంతే. ఎక్కడో ఒక సముద్రం పొద్దున్నే పిల్లల్ని బడికి తెస్తోందంటే, అది ఒక్కసారి తన కళ్ళతో చూడాలి.

గౌరి దరఖాస్తు పెడితే, మేడం పనిచేసిన బడి వాళ్ళే వీడియోలో డెమో క్లాసు అడిగారు. రెండేళ్ళ అనుభవం ఉండాలన్నారు. ఏప్రిల్‌తో ఆ రెండేళ్ళూ నిండుతాయి. మేడం హాల్లో లాప్‌టాప్ ముందు గౌరి కాటన్ చీర కట్టుకుని కూర్చుంది. తెరమీద పదిమంది పిల్లలు, పక్కన వాళ్ళ ప్రిన్సిపాల్. పాఠం వాన ఎలా పడుతుందన్నది.

"సముద్రం నీరు ఆవిరవుతుంది. అందరూ చెప్పండి!" అంది గౌరి ఇంగ్లీషులో.

ఎవరూ చెప్పలేదు. నెట్ ఆగిందేమోనని గౌరి తెరకేసి వంగింది. నెట్ బాగానే ఉంది, పిల్లలు కళ్ళార్పుతున్నారు.

"చెప్పండి, చెప్పండి!"

ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తింది. "మిస్, వాన సముద్రంలోంచే వస్తే ఉప్పగా ఎందుకుండదు?"

సముద్రం ఒడ్డున పుట్టిన గౌరికి, ఎండుచేపలు అమ్మే జగ్గమ్మ కూతురికి, ఆ జవాబు తెలియక కాదు. కానీ గౌరి క్లాసులో రెండేళ్ళుగా ఎవరూ ఏదీ అడగలేదు. ప్రశ్న వస్తే ఏం చెయ్యాలో ఆమె గొంతుకి తెలియదు. "ముందు నేను చెప్పింది చెప్పండి, డౌట్లు తర్వాత" అనేసింది. పాప చెయ్యి దించేసింది. ప్రిన్సిపాల్ మర్యాదగా నవ్వి, ఏప్రిల్ చివర్లో ఇంకోసారి చూద్దామన్నాడు.

"పాఠం మొత్తం చెప్పాను మేడం. వాళ్ళే పలకలేదు," అంది గౌరి.

పద్మకుమారి కాఫీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పిందే మళ్ళీ చెప్పమన్నావ్. నువ్వు చెప్పింది నీకు తెలుసు, వాళ్ళకి వినపడింది, ఇంక మళ్ళీ చెప్పడమెందుకమ్మా? మీ తాత పాట వల దగ్గర కరెక్టే. అందరూ ఒక్క మాట అనకపోతే తాడు రాదు. మరి నీ క్లాసులో నువ్వు ఏం లాగుతున్నావ్?"

ఆ మాట గౌరికి కోపం తెప్పించింది. ఆ కోపంతోనే మర్నాడు క్లాసుకి వెళ్ళి, నల్లబల్ల మీద ఏమీ రాయకుండా అడిగింది.

"వాన ఎందుకు ఉప్పగా ఉండదు?"

నలభై గొంతులు ఒక్కటిగా లేచాయి. "వాన ఎందుకు ఉప్పగా ఉండదు!"

గౌరికి నవ్వొచ్చింది. ప్రశ్నని కూడా నినాదం చేసేశారు. చేయించింది తనే.

ఆ రోజునుంచి ఆమె క్లాసు చప్పబడింది. చిన్న పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. "చూస్తూ ఉండండి, ఏమనిపిస్తే అది అడగండి," అని కూర్చుంది. పిల్లలు భయపడ్డారు. టీచరుకి ఒంట్లో బాగోలేదనుకున్నారు. ఒక తల్లి వచ్చి మరీ అడిగింది: "ఏటి టీచరమ్మా, పిల్లలు అరవడం మానేసినారంట. సదువు సెప్పడం లేదేటి?" పళ్ళెంలో నీళ్ళు పోయి తెల్లటి పొర మిగిలింది. పిల్లలు వేలితో గీరి నాలిక్కి రాసుకున్నారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. అయినా ఎవరూ ఏమీ అడగలేదు. గౌరి ఆగింది. ఆగడం అంత కష్టమని ఆమెకి అప్పుడే తెలిసింది. మైకు పట్టడం దీనికంటే చాలా తేలిక.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం రాజకుమారి అనే పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"టీచరా, ఒక మాట అడగనా?"

గౌరి కుర్చీలోంచి లేచింది. "అడుగమ్మా!"

"రేపు మళ్ళీ ఊరేగింపంట కదా. మనం ఎందుకెల్తన్నాం?"

గౌరి హోదా అంటే ఏమిటో చెప్పింది. ఫ్యాక్టరీలు వస్తాయని, ఇక్కడివాళ్ళు పనికోసం గుజరాత్ పోనక్కర్లేదని ఆశ అని చెప్పింది. ఆ ఆశ ఆమెకి నిజంగానే ఉంది. పిల్ల శ్రద్ధగా విని మళ్ళీ అడిగింది.

"మరి మేం రాకపోతే అది రాదేటి?"

క్లాసంతా టీచరు మొహం చూస్తోంది. గౌరికి ఒక్క నినాదం కూడా గుర్తు రాలేదు.

"వస్తే మీవల్ల రాదమ్మా. రాకపోతే మీవల్ల ఆగదు," అంది చివరికి.

"మరైతే ఎండలో నిలబెడతారెందుకు?" అని వెనక బెంచీలోంచి ఇంకొకరు. "మొన్న మా చెల్లి వాంతి సేసుకున్నాది టీచరా," అని మరొకరు. ఇన్నాళ్ళ ప్రశ్నలు ఒక్కసారే వచ్చి పడ్డాయి. ఆ గోల వరండాలో హరిబాబుకి వినపడి లోపలికొచ్చాడు.

"ఏంటిది గౌరీ, క్లాసా, సంతా? రేపు పదింటికి ఐదో తరగతి మొత్తం రోడ్డు మీదుండాలి. ర్యాలీ పెద్దలకి మాటిచ్చేశాను."

"నేను వస్తాను సార్. మీరు రండి, ఓటున్నవాళ్ళందరం వెళ్దాం. పిల్లలు రారు."

"జనం కనపడొద్దా?"

"పిల్లలు జనం కాదు సార్."

హరిబాబు గొంతు తగ్గించాడు. "ఫారిన్ వెళ్ళాలంటే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ నేనే ఇవ్వాలి. ఆలోచించుకో."

ఆ రాత్రి గౌరి ఆలోచించుకుంది. ఆ కాగితం కావాలి. ఆ దీవి కావాలి. పొద్దున్నే పడవ దిగే ఆ పిల్లలు కావాలి. కానీ రాజకుమారిని ఎండలో నిలబెట్టి మైకు పట్టుకుని, ఆ పిల్ల కళ్ళలోకి ఎలా చూడాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు గౌరి క్లాసు తలుపు వేసి, పిల్లలతో లోపలే ఉంది. రోడ్డు మీద డప్పులు మోగుతుంటే ఆమె పెదాలు వాటంతట అవే కదిలాయి. వినోద్ ఫోన్ చేశాడు. "రాయే గౌరీ! నువ్వు లేక ఊరేగింపు సచ్చిపోనాది."

"ఈ పూట మీరే అరవండి బావా. నాకు క్లాసున్నాది."

ఏప్రిల్ చివర రెండో డెమో జరిగింది. గౌరి నాలుగు మాటలు చెప్పి ఆగింది. తెరమీద చేతులు లేచాయి. మొదటిసారి చెయ్యి దించేసిన పాప ఈసారి ఆపకుండా అడిగింది, గౌరి ఆపకుండా చెప్పింది. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాడు. అనుభవం కాగితం అడిగాడు. అది లేదు, హరిబాబు ఇవ్వనన్నాడు. లేకుండా తీసుకోవడానికి అక్కడ రూలు ఒప్పుకోదు. ఇంకో బడిలో మళ్ళీ రెండేళ్ళు నిండాక తప్పకుండా రమ్మన్నాడు.

జూన్‌లో గౌరి విజయనగరంలో వేరే బడిలో చేరింది. చేరేముందు ఊరెళ్ళి అమ్మ పక్కన ఇసకలో కూర్చుంది. ఎదురుగా అంత సముద్రం. దాని మీద ఎక్కడో, చూపు అందనంత దూరంలో, పడవలోంచి పిల్లలు దిగుతున్నారు.

"ఎల్లాలనుందేటే?" అంది జగ్గమ్మ.

"ఉందమ్మా. శానా ఉంది."

"మరి ఆ పెద్దమనిషి సెప్పినట్టు ఇనుంటే ఈపాటికి ఎల్లిపోదువు కదే."

"ఎల్లిపోదునమ్మా. ఎల్లి అక్కడి పిల్లల్నీ అరవమందును."

పెద్దలారా, మన కోరిక న్యాయమైనదే కావచ్చు. దానికోసం మనం నడుద్దాం, మన గొంతు పోయేదాకా అరుద్దాం. పిల్లల్ని మాత్రం బడిలో ఉండనిద్దాం, వాళ్ళకి మన నినాదాలు అప్పగించడం మానేసి, వాళ్ళు అడిగేదాకా ఓపికగా ఆగుదాం.