మరక లేని తువ్వాలు

రక్తపు మరకలున్న దుప్పట్లను చన్నీళ్ల తొట్టిలోకీ, మిగిలినవాటిని యంత్రంలోకీ వేస్తుండగా ఏడో నంబరు మంచం తువ్వాలు మళ్లీ చేతికి తగిలింది. దుప్పట్లమ్మ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తిండి పెట్టేటప్పుడు రోగి మెడ కింద పరిచే తువ్వాలు అది. జావ మరక లేదు, పాల చార లేదు. తను వేసిన మడత కూడా విడలేదు. వరసగా ఇది మూడో రోజు.

ఆస్పత్రి బట్టల గదిలో ఆమెది ముప్పై ఎనిమిదేళ్ల కొలువు. అందరూ పిలిచేది దుప్పట్లమ్మ అనే; అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పొట్టి మనిషి. మూటలు మోసీ మోసీ ఎడమ భుజం ఒక బెత్తెడు కిందికి జారింది. సబ్బునీళ్లలో నానిన వేళ్లు ఏ కాలంలోనైనా ముడతలు పడే ఉంటాయి. ఆదివారం చర్చిలో వెనక బల్ల ఆమెది. ప్రసంగం మధ్యలో కునుకు తీస్తుందని పాస్టరుగారు ఒకసారి మందలిస్తే, "ప్రభువు దగ్గర కాకపోతే ఇంకెక్కడ కళ్లు మూసుకోనయ్యా, యంత్రాల దగ్గరా?" అంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఏడో మంచం మీద ఎవరున్నారో ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఒకప్పటి సూపరింటెండెంటుగారు. ముప్పై ఏళ్ల కిందట, పెళ్లి కాకుండానే కడుపు పండిన ఒక ఆయాను నెలలు నిండుతుండగా పనిలోంచి తీసేసిన మనిషి. ఆనాడు ఆయన్ని మెచ్చుకోని నోరు లేదు. ఆస్పత్రి పరువు నిలబెట్టాడన్నారు. పదవి దిగిపోయాక నడవాలో ఫోటో పెట్టారు. పోయిన ఏడాది సిబ్బంది సమావేశంలో ఆ ఆయా కూతురే లేచి నిలబడి తల్లి పడ్డ పాట్లన్నీ చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు ఈ ఆస్పత్రిలోనే నర్సు. మర్నాడే చప్పట్ల మధ్య ఫోటో దించేశారు. ఇప్పుడు ఆయనకు పక్షవాతం. కుడి చెయ్యీ మాటా రెండూ పోయాయి. వెనకా ముందూ ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఉతికిన బట్టల మూట భుజానికెత్తుకుని ఆమె వార్డులోకి వెళ్లింది. ఏడో మంచం పక్కన జావ గిన్నె ఉంది, మీగడ కట్టి. ఆయన ఎడమ చెయ్యి చాపినా అందకుండా జానెడు దూరంలో.

మూట దించి స్టూలు లాక్కుని కూర్చుంది. తలగడ ఎత్తు చేసింది. తువ్వాలు పరిచింది. అర చెంచా జావ నోట్లో పోసి, గొంతు కదిలేదాకా ఆగి, మళ్లీ అర చెంచా. పెదవి పక్కనుంచి కారినదాన్ని తుడిచింది.

"గుర్తుపట్టారా అయ్యగారూ? బట్టల గది."

ఆయన చాలాసేపు చూశాడు. ఎడమ కంటి కొసన నీరు ఊరి చెవి వైపు జారింది.

"పెద్దమ్మా!"

గుమ్మంలో నర్సు నిలబడి ఉంది. పుట్టినప్పుడు దుప్పట్లమ్మ వేడినీళ్లతో స్నానం చేయించిన పిల్ల. తల్లి పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ పిల్లకు పెద్దదిక్కు ఈమే. దుప్పట్లమ్మ గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలకుండా తినిపించి, అప్పుడు నడవాలోకి వచ్చింది.

"నీకిదేం పని పెద్దమ్మా?"

"గిన్నె అందనంత దూరంలో పెట్టారు తల్లీ."

"పెట్టాలి కాబట్టి పెట్టాం. ఆయన మా అమ్మను ఏం చేశాడో నీకు తెలీదా?"

"తెలుసు. అది పాపం. ఊరంతా మెచ్చుకున్న రోజున కూడా పాపమే."

"మరి?"

"మనిషిని పస్తు పెట్టడమూ పాపమే. ఊరంతా చప్పట్లు కొట్టినా."

నర్సు ముఖం ఎర్రబడింది. "అలాగైతే మా అమ్మ చేసింది కూడా పాపమేగా నీ లెక్కన. పైకి అనవు గానీ."

దుప్పట్లమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీ అమ్మా నేనూ దాని గురించి ఒకసారి మాట్లాడుకున్నాం. ఇద్దరం ఏడ్చాం. అది అక్కడితో సరి. నా సంగతొకటి ఉంది, అది విను. మీ అమ్మను తీసెయ్యమని రాసిన కాగితం మీద సిబ్బంది అంతా సంతకాలు పెట్టారు. అన్నిటికంటే కింద ఉన్న వేలిముద్ర నాది."

నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది.

"కొలువు పోతుందని కాదు తల్లీ. నలుగురూ నన్ను మంచిదనుకోవాలని. ఆ రోజుల్లో మంచితనమంటే అదే మరి. ఆ రాత్రి ప్రార్థనకు మోకాళ్లూనితే నోట మాట రాలేదు. నాలుగో రోజు మీ అమ్మ గదికి వెళ్లి చెప్పేశాను. మొహం మీదే తలుపేసింది. వారం తరవాత తనే తీసింది. నొప్పులొచ్చినప్పుడు నన్నే పిలిపించుకుంది."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పదు. నన్ను క్షమించిందిగా."

నర్సు వెనుదిరిగి వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు నడవా చివరిదాకా వినిపించింది.

మధ్యాహ్నమంతా దుప్పట్లమ్మ ఇస్త్రీ చేసింది. దిండు గలీబు ఒకటి మాడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ మాడలేదు. 'ముప్పై ఏళ్లు దాచినదాన్ని ఇవాళే కక్కాలా? నాకున్నది ఆ ఒక్క పిల్లే కదా ప్రభువా' అనుకుంది. యంత్రం తిరుగుతూనే ఉంది. ఇంకో గలీబు అందుకుంది.

నాలుగు దాటాక గోడ మీది ఫోను మోగింది. నర్సు గొంతు.

"పెద్దమ్మా, ఏడో మంచానికి దుప్పటి కావాలి. తెల్లది, పొడుగుది."

పొడుగుది ఎందుకో బట్టల గదిలో ఎవరూ అడగరు. అలమరలోంచి మంచిది ఏరి, అంచులు సరిచూసి, మెట్లెక్కింది.

మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. ఆయన ముఖం ఒకవైపు నున్నగా, శుభ్రంగా ఉంది. రెండో చెంప మీద సబ్బు నురగ ఆరిపోతోంది.

"గడ్డం గీస్తున్నాను. మధ్యలో ఊపిరి ఆగింది. కుదుపు కూడా లేదు. అంతే." రేజరును నీళ్ల గిన్నెలో ముంచి అంది. "నేను ఇక్కడే ఉన్నాను పెద్దమ్మా."

"ఉన్నావు తల్లీ."

"ఈ చెంప మిగిలిపోయింది."

దుప్పట్లమ్మ ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పింది. నర్సు నురగ మళ్లీ తడిపి, తొందరపడకుండా, బతికున్న మనిషికి గీసినట్టే గీసింది. తరవాత దుప్పటి ఒక కొస ఆమె, ఒక కొస ఈమె పట్టుకుని పైదాకా కప్పారు. మంచాన్ని తీసుకెళ్లేవాళ్లు వచ్చారు. నర్సు మంచం వెంట తలుపు దాకా నడిచింది.

ఖాళీ అయిన చోట స్టూలు పక్కన గిన్నె ఉండిపోయింది. అందులో చల్లారిన నీళ్లు, నురగ మధ్య తేలుతున్న తెల్లని గడ్డపు వెంట్రుకలు.