డెల్‌కి వైన్ పడదు

ఆ ఆదివారం పొద్దున డెల్మా కారు టైర్లలో గాలి చూసింది. ముందద్దం మీద అంటుకుపోయిన పురుగుల మరకలు తడిగుడ్డతో రుద్దింది. ఐసుపెట్టెలో మంచినీళ్ళ సీసాలు సర్ది, సాయంత్రం చలేస్తే పనికొస్తాయని రెండు శాలువాలు వెనకసీట్లో పడేసింది. మరిది మర్రే, తోడికోడలు ఫియోనా వచ్చేసరికి డెల్మా భర్త గ్రాంట్ ఇంకా వరండాలోనే కాగితం పట్టుకుని ఏ పూలతోట ముందు, వైన్ తీసే ఏ వైనరీ తర్వాత అని తేలుస్తున్నాడు.

“సారథి సిద్ధమేనా?” అన్నాడు మర్రే వదిన భుజం తట్టి. “నువ్వు లేకపోతే మాకు వసంతమే లేదు తల్లీ!”

అది పొగడ్తే. ఆ దక్షిణార్ధగోళంలో వసంతం వచ్చే ప్రతి అక్టోబరులోనూ, ఇరవై రెండేళ్ళుగా వింటున్న పొగడ్త.

నిజానికి ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. మొదటి ఏడు ఆమె కడుపుతో ఉంది. ‘ఎలాగూ తాగవు కదా, స్టీరింగు నువ్వు పట్టుకో’ అన్నాడు గ్రాంట్. న్యాయంగానే తోచింది. మరుసటి ఏడు చంటిదానికి పాలిస్తోంది. ఆ పై ఏడు రెండోవాడు కడుపులో. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు గానీ స్టీరింగు మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ నడుమ ఎప్పుడో, ఏ బల్ల దగ్గరో, ఎవరో ఆమె వైపు గ్లాసు చాపితే ‘డెల్‌కి వైన్ పడదు’ అని గ్రాంట్ అడ్డు చెప్పాడు. ఎంత ధీమాగా చెప్పాడంటే, తనకు పడుతుందో లేదో అప్పటికింకా తెలియని డెల్మా కూడా కాబోలు అనుకుంది. పోనుపోనూ అడిగినవాళ్ళకు ఆమే చెప్పడం మొదలుపెట్టింది, నాకు పడదండీ అని. మన గురించి మరొకరు చెప్పిన మాట మన నోట్లోకి వచ్చి కూర్చోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

గాలర్ నుంచి క్లేర్ లోయకు గంటన్నర దారి. మొదటి తోట గేటు దగ్గర ముగ్గురూ దిగిపోయారు. డెల్మా దూరంగా గొర్రెల బీడులో కారు పెట్టి, బురదలో నడిచి వచ్చేసరికి వాళ్ళు సగం తోట చూసేశారు. “కంగారేం లేదులే, అన్నీ నిరుడు చూసినవే,” అన్నాడు గ్రాంట్. పక్క వైనరీలో వాళ్ళు కొన్న పెట్టెలు మోసుకెళ్ళి డిక్కీలో పెట్టింది. నడుము పట్టేసింది.

మధ్యాహ్నం భోజనం ఇర్మా గారి తోటలో. డెబ్భై దాటిన ఆవిడ, ఆ వైనరీ ఆవిడదే. ఊదాపూల పందిరి కింద పొడవాటి బల్ల, దాని మీద వేడి రొట్టెలు, గొర్రె మాంసం వేపుడు, దోసకాయ పచ్చడి, మేకపాల జున్ను. ఇర్మాయే స్వయంగా సీసా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతోంది. డెల్మా దగ్గరకొచ్చి ఆగింది.

“నీకేం పొయ్యమంటావమ్మా?”

“ఆవిడకి నీళ్ళివ్వండి,” అన్నాడు గ్రాంట్, రొట్టె తుంచుకుంటూ. “డెల్‌కి వైన్ పడదు.”

ఇర్మా అతని వైపు తిరగనేలేదు. “నేనడిగింది ఈ అమ్మాయిని,” అంది.

యాభై దాటిన తనను అమ్మాయి అన్నందుకు డెల్మాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమె నోటి నుంచి మాట జారింది.

“పొయ్యండి.”

మర్రే చప్పట్లు కొట్టాడు. “ఓహో! మొహం ఎలా పెడుతుందో చూడాలి!”

ఆమె మొహం ఏమీ పెట్టలేదు. చల్లగా, పుల్లగా, నిమ్మతొక్క గిల్లినట్టు ఒక వాసన. దాని వెనకే వాన తడిపిన రాయి వాసన. కళ్ళు మూసుకుని మరో గుక్క తాగింది. బాగుంది. చాలా బాగుంది. ముందుగా వచ్చింది సంతోషం కాదు, ఒక చిన్న దిగులు. ఇరవై రెండేళ్ళు దీన్ని పక్కనే పెట్టుకుని, పెట్టెల్లో మోసి, వాసన కూడా చూడలేదే!

గ్లాసు ఖాళీ అయింది. మళ్ళీ చాపింది. రెండోది సగం అయ్యాక గ్రాంట్ దగ్గరగా వంగాడు.

“డెల్, సరదా తీరిందిగా, ఇక చాలు. మలుపు దగ్గర పోలీసులు తాగారేమోనని గొట్టంలో ఊదిస్తున్నారు. ఇంటికెవరు తీసుకెళ్తారు?”

“ఏమో మరి. కారులో నలుగురం వచ్చాం కదా.”

“మేం తాగాం!”

“నేనూ తాగాను.”

ఆమె గొంతు పెంచలేదు. ఆ నెమ్మదికే గ్రాంట్ తబ్బిబ్బయ్యాడు. “ఇదేం పంతం? ముందే చెప్తే ఏదో ఏర్పాటు చేసుకునేవాళ్ళం కదా!”

“నాకు ముందే ఎవరు చెప్పారు గ్రాంట్?”

అప్పుడు ఫియోనా గొంతు సవరించుకుంది.

“నేను నడుపుతాను.”

“నువ్వా?” మర్రే పకపకా నవ్వాడు. “పొద్దుట్నుంచీ మాతో సమానంగా పోయించుకున్నావు! పైగా నీకు కంగారెక్కువ.”

“పోయించుకున్నాను. తాగలేదు.” ఫియోనా తన గ్లాసును బల్ల మధ్యకు జరిపింది. నిండుగా ఉంది. “పొద్దున రెండు గ్లాసులూ పూలకుండీల్లో పారబోశాను. నాకు వైన్ అంటే మొదట్నుంచీ పడదు మర్రే. నువ్వు పోస్తూ ఉంటావు, నేను పువ్వులు చూడ్డానికి లేస్తూ ఉంటాను. పెళ్ళికి ముందు కోతల్లో మా నాన్న గోధుమల లారీ నేనే నడిపేదాన్ని. అది కూడా నువ్వెప్పుడూ అడగలేదు.”

తోడికోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళు ఒకే కారులో తిరిగి ఇంత దూరంగా ఉన్నామా అనిపించింది డెల్మాకు. చెయ్యి చాపి ఆ నిండు గ్లాసు తన వైపు లాక్కుంది. ఫియోనా ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు డెల్మా కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. మగవాళ్ళిద్దరూ వాళ్ళ నవ్వు ఆగేదాకా జున్ను తింటూ కూర్చున్నారు. మూడో తోటకు వెళ్ళే వేళ దాటిపోయింది.

ఎండ పసుపు తిరిగే వేళకు బయలుదేరారు. ఫియోనా సీటు ముందుకు జరుపుకుంది. పక్కన కూర్చున్న మర్రే “గేరు... బ్రేకు... ఎడమ ఎడమ” అంటుంటే, “బండి దిగి నడిచొస్తావా?” అంది. కారు నీటి మీద పడవలా సాగింది.

వెనకసీట్లో డెల్మా కిటికీ అద్దం దించింది. కొత్త చిగుళ్ళు వేసిన ద్రాక్ష వరసలు దువ్వెన పళ్ళలా తెరుచుకుంటూ మూసుకుంటూ వెనక్కి పోతున్నాయి. గట్టు కింద ఒక వాగు. వాగు మీద రాతి వంతెన, పక్కన పాడుబడిన చిన్న చర్చి, దాని గోడకు విరగబూసిన పసుపు గులాబీ తీగ.

“ఆ వంతెన ఎప్పుడు కట్టారు?” అంది.

గ్రాంట్ వింతగా చూశాడు. “అదెప్పట్నుంచో ఉంది డెల్. మనం పుట్టకముందు నుంచీ ఉంది. ఇన్నేళ్ళుగా ఈ దారినే తిరుగుతున్నాం, చూళ్ళేదూ?”

“లేదు,” అంది డెల్మా. “నేను రోడ్డు చూస్తున్నాను.”

చాలా దూరం వెళ్ళాక గ్రాంట్, తనలో తాను అనుకుంటున్నట్టు, “ఇంకా ఏమేం చూళ్ళేదు?” అన్నాడు.

డెల్మా ముందుకు వంగి ఫియోనా భుజం మీద చెయ్యి వేసింది.

“కాస్త నెమ్మదిగా పోనివ్వు ఫీ. వచ్చే ఆదివారం మనిద్దరం మళ్ళీ వద్దాం.”